గుమ్మం దగ్గర కూర్చున్న వియ్యంకుడు

ఆ ఉదయం అసిల్బెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షుగరు మాత్ర పరగడుపునే వేసుకుంటే, అది కడుపులో చేయదలచుకున్న అల్లరేదో ఇంట్లోనే చేసేసి పది గంటలకల్లా సద్దుమణుగుతుంది. ఆ తరువాత నరిన్ పట్నం దారిన కొండ దాటి, కాబోయే వియ్యాలవారింట్లో మర్యాదస్తుడిలా కూర్చుని రావచ్చు.

"డాక్టరమ్మ తిండితోనే వేసుకోమంది కదా," అంది భార్య సైరా, కోడలు కాబోయే పిల్ల చెవులకు పెట్టవలసిన పోగులను రుమాలులో మూటకడుతూ.

"కడుపు ఆవిడదా, నాదా?"

"మీదే. అందుకే చెబుతున్నా."

మాత్రలు మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. జబ్బు సంగతి సైరాకు తప్ప ఎవరికీ తెలియదు, కొడుకు ఉర్మత్‌కు కూడా. తండ్రికి షుగరని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్ళు 'రేపు అబ్బాయికీ రాదని ఏముంది' అని వెనక్కి తగ్గవచ్చు. ఉర్మత్ పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క పిల్లనే. అందుకని, పోగులు పెట్టి సంబంధం ఖాయమయ్యేదాకా నోరు మెదపకూడదని అసిల్బెక్ నిశ్చయించుకున్నాడు. నోరు ఆయన చెప్పినట్టు వింటుంది.

పదింటికి అంతా సద్దుమణిగినట్టే ఉంది. పదకొండున్నరకు, పిల్ల తండ్రి తుర్సునాలీ ఇంటి ముందు సైరాతో కలిసి కారు దిగుతుండగా కడుపు గుడగుడమంది.

లోపల గుమ్మానికి ఎదురుగా, అవతలి గోడవార, పరుపులు ఎత్తుగా పరిచి ఉన్నాయి. పెద్ద అతిథి స్థానం అదే. అక్కడ కూర్చున్నవాడు లేచి రావాలంటే ఒక వరుస బంధువుల మోకాళ్ళన్నీ దాటాలి. అసిల్బెక్ గుమ్మం పక్కనే, విడిచిన బూట్లకు జానెడు దూరంలో చతికిలబడ్డాడు.

"బావగారూ, పైకి రండి," అన్నాడు తుర్సునాలీ.

"నాకిక్కడే బాగుంది."

"అక్కడ కుర్రకారు కూర్చుంటారండీ."

"గాలి బాగా వస్తోంది."

బయట మంచు కురుస్తోంది.

పెద్ద అతిథి కంటే పైస్థానంలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. తుర్సునాలీ ఆయనకు దిగువన, గడపకు ఆనుకుని కూర్చున్నాడు. అన్నను చూసి తమ్ముళ్ళు, వాళ్ళను చూసి బావమరదులు అక్కడే సర్దుకున్నారు. పది నిమిషాల్లో పదిహేనుమంది గుమ్మం దగ్గర ఒకరి ఒళ్ళో ఒకరు ఉన్నట్టు ఇరుక్కుపోయారు. మిగతా గదంతా ఖాళీగా ఉంది. తలుపు మాత్రం అసిల్బెక్‌కు కనబడటం మానేసింది.

"ఇప్పుడే వస్తాను," అంటూ ఆయన ఇద్దరి భుజాలు పట్టుకుని, మూడోవాడి చెయ్యి తొక్కి బయటపడ్డాడు. తిరిగి వచ్చేసరికి టీ చల్లారింది. రెండోసారి లేచినప్పుడు రొట్టె వచ్చింది. దాన్నీ తుంచలేదు. గడప దగ్గర కూర్చుని, రొట్టె ముట్టకుండా రెండుసార్లు లేచిపోయిన వియ్యంకుణ్ణి చూసి అలిగాడనక ఏమంటారు?

"మనం కోసిన గొర్రె చిన్నదయిందేమో," అంది తుర్సునాలీ భార్య వంటింట్లోంచి.

"ఇంకోటి తెండి," అన్నాడు తుర్సునాలీ.

మూడోసారి లేచిన అసిల్బెక్‌కు తలుపులో గొర్రె అడ్డం వచ్చింది. కోసేముందు అతిథి దీవించాలి. అందరూ అరచేతులు చాచారు. అసిల్బెక్ దీవెన మామూలుగా ఏడు తరాలను తలచుకుంటే గాని ఆగదు.

"అందరూ బాగుండాలి. ఆమీన్," అని ఆయన గొర్రెను పక్కకు నెట్టి పరుగెత్తాడు.

సైరా విప్పబోయిన రుమాలును మళ్ళీ ముడివేసింది. ఆ ముడిని గది మొత్తం చూసింది.

పెరటి చివర, చెక్కపలకలు కొట్టిన మరుగుదొడ్డిలో అసిల్బెక్ చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. కొడుక్కి ఏమని చెప్పాలి? ఇంతలో మంచులో అడుగుల చప్పుడు తలుపు ముందుకు వచ్చి ఆగింది.

"బావగారూ," అంది తుర్సునాలీ గొంతు. "మీకెవరు చెప్పారో అడగను. చెప్పింది నిజమే."

అసిల్బెక్ చేతుల్లోంచి తల ఎత్తాడు.

"మా అమ్మకి ఇరవయ్యేళ్ళుగా షుగరు. నాకూ పోయినేడు బయటపడింది. మందులూ సూదులూ మీ కంటపడతాయని అమ్మని పొద్దున్నే పక్కింటికి పంపేశాం. పిల్లకేం లేదు బావగారూ. దాచింది నేను, అది కాదు. మీ కోపం దానిమీద చూపించకండి."

ఇక 'సరేలెండి, మరిచిపోయాను' అంటే చాలు. తన గుట్టు తన దగ్గరే ఉంటుంది, పైగా బతికినంతకాలం పెద్దమనిషి. కాని కన్నతల్లిని దాచుకోవలసి వచ్చిన మనిషి పలకల అవతల చలికి వణుకుతున్న చప్పుడు వినబడుతోంది. పొద్దుటినుంచి తాను దాచుకున్నదీ అదే.

"బావగారూ, ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను," అన్నాడు అసిల్బెక్. "తెల్ల మాత్ర. పొడుగ్గా ఉంటుంది. ఇవాళ్టికి పన్నెండు రోజులు."

అవతలి మనిషి పలకలకు దగ్గరగా జరిగాడు.

"తిని వేసుకున్నారా, తినకుండానా?"

"తినకుండా."

"నేనూ మొదట్లో అంతే. పశువుల సంతలో... పోనీలెండి, అది మీకెందుకు. భోంచేస్తూ వేసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చెబితే మోతాదు చూసి మారుస్తారు. మీ అంతట మీరు మానెయ్యకండి."

"ముందు మీ అమ్మగారిని ఇంటికి తీసుకురండి."

"ముందు మీరు బయటికి రండి."

"అది నా చేతుల్లో లేదు."

సాయంత్రంలోగా ముసలమ్మ ఇంటికి వచ్చింది. ఆవిడ కళ్ళముందే సైరా పిల్ల చెవులకు పోగులు పెట్టింది. పెళ్ళినాడు చుట్టాలు చుట్టూ చేరి, మాట ఎక్కడ కలిసిందని అడిగినప్పుడు వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "పెరట్లో," అన్నారు.