సొర: ఐదుకి ఐదు

ఆ శనివారం బిందుప్రియ ప్లాను చాలా సులువైనది. పదకొండుకి టాటానగర్‌లో రైలెక్కడం, కలకత్తాలో విమానమెక్కడం, అండమాన్‌లో స్కూబా డైవింగ్‌కి సముద్రంలో దిగడం. అడ్డల్లా ఒక్కటే, తండ్రి సీతారామరావు ఇంకా సరేననలేదు. ఆయన కార్ఖానాలో సేఫ్టీ సూపర్‌వైజరు. ప్రమాదాల షీటు నింపనిదే ఎవరినీ నిచ్చెన కూడా ఎక్కనివ్వడు. ఇంట్లోనూ అదే షీటు తీశాడు.

"సొరచేప. ప్రమాదం ఐదుకి ఐదు," అంటూ రాశాడు.

"పాపా, షార్క్ సే కౌన్ డర్తా హై? సొరకెవరూ భయపడరు," అంది బిందు. "డైవర్లకి భయం సిలిండర్లో గాలి అయిపోద్దేమోనని, పడవ నిచ్చెన మీద కాలు జారుద్దేమోనని. షార్క్‌ని చూడ్డానికైతే డబ్బులిచ్చి మరీ దిగుతారు!"

"నిచ్చెనంటే భయమా, సొరంటే సరదానా? ఇదేటి లెక్కమ్మా?" ఇరవయ్యేళ్ళ సేఫ్టీ అనుభవం ఆయనకి అక్కరకు రాలేదు.

వెనక గదిలో నాయనమ్మ నూకమ్మ చెవిన మాత్రం "సొర", "డబ్బులిచ్చి" అన్న ముక్కలే పడ్డాయి. పిల్లకి సొర తినాలనుందని మురిసిపోయి, సాక్చి బజారులో చేపలమ్మే ముసలయ్యకి ఫోన్ కొట్టింది. "మా బిందుకి సొర కావాలి. ఏగిరం తే."

వీళ్ళ సొంతూరు శ్రీకాకుళం వైపు సొరపిట్టు బాలింతలకి పాలు పడటానికి వండిపెడతారు. ముసలయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సమయానికి అతని దగ్గర చేపలు బేరమాడుతున్నది పక్కింటి త్రివేణి. అరగంటలో ఆవిడ మిఠాయి పెట్టెతో దిగింది.

"మరీ ఇంత గుట్టా అన్నయ్యా? పెళ్ళెప్పుడు సేసారు? పురుడెప్పుడు పోసారు?"

"ఎవరికి?"

"బిందుకి! పాపా, బాబా?"

సీతారామరావు కూతురి వంక చూశాడు. కూతురు నాయనమ్మ వంక చూసింది. నూకమ్మ కళ్ళొత్తుకుంది. "నాక్కూడా సెప్పలేదేటే?"

"యే క్యా హో రహా హై!" బిందుకి ఏడుపొచ్చింది. పది దాటింది. రెండేళ్ళు ఈత నేర్చుకున్నది ఈ ఆరు రోజుల కోసమే.

"సొర వచ్చిందమ్మా!" గుమ్మంలో ముసలయ్య కేక. గోనెసంచిలోంచి ఐసునీళ్ళు గడపంతా కారుతున్నాయి.

"ఎవుడు తెమ్మన్నాడురా?" అంటూ సీతారామరావు విసురుగా వెళ్ళి, ఆ నీళ్ళ మీద కాలు జారి, సొర పక్కనే వెల్లకిలా పడ్డాడు.

చీలమండ బూరెలా పొంగింది. "నేను వెళ్ళను పాపా," అంది బిందు, మంచుగడ్డ అద్దుతూ. ఆయన మూలుగుతూనే షీటు అడిగి సంతకం పెట్టాడు.

"ఎల్లమ్మా. ఇంటికన్నా సముద్రమే నయం. ఆ నిచ్చెన మాత్రం గట్టిగా పట్టుకో."

త్రివేణి పిలిచిన ఆటోలో బిందు ఎలాగో రైలందుకుంది. అండమాన్‌లో ఆరు రోజులూ ఒక్క సొరా కనబడలేదు.

షీటులో 'ఐదుకి ఐదు'ని మాత్రం, కట్టు కట్టిన కాలు చూసుకుని, సీతారామరావు కొట్టెయ్యలేదు.