సెల్విన్ తిప్పిన పానా

యార్క్‌షైర్‌లోని ఆ చిన్న పట్నంలో హార్డ్‌వేర్ కొట్టు నడిపే సెల్విన్, ఆ ఉదయం బడి ఒకసారి చూసొద్దామని బయల్దేరాడు. సాయంత్రం బడి పాలకమండలికి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. సభ్యుడైన సెల్విన్‌కు పోటీ లేదు. పదవి వస్తే తన మాటకు, దాని వెనకే కొట్టుకు విలువ పెరుగుతుందని అతని లెక్క.

"చూడండి, అడగండి. చెయ్యి మాత్రం పెట్టకండి. నడిపేది మేము, సరిగ్గా నడుస్తోందా అని చూసేది మీరు," అంది హెడ్‌మిస్ట్రెస్ లోర్నా, టీ అందిస్తూ.

"ఆమాత్రం తెలీదా మేడమ్," అన్నాడు సెల్విన్.

పిల్లల మరుగుదొడ్డిలో కుళాయి కారుతోంది. సెల్విన్ కోటు జేబులోంచి పానా తీసి ఒక్క తిప్పు తిప్పాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. పరుగున వెళ్లి మెట్ల కింద ఉన్న వాల్వు మూశాడు. అది బడిని వెచ్చగా ఉంచే బాయిలరుది. నీళ్లు ఆగలేదు, వెచ్చదనం ఆగింది.

లోర్నా ఫోన్లు చేసింది. మండలి సభ్యులు ఉరికొచ్చారు. వాళ్లలో ఒకరైన పాస్టరు గారు పిల్లలను వరుసకట్టించి చర్చికి నడిపించారు. తల్లిదండ్రుల తరఫు సభ్యురాలు జానిస్, "పిల్లలంతా చర్చిలో ఉన్నారు, కంగారుపడొద్దు, కారణం ఇప్పుడు చెప్పకూడదు" అని అందరికీ మెసేజీ పెట్టింది. ఊరి తల్లులంతా ఏడుస్తూ చర్చికి చేరారు. మధ్యాహ్నానికల్లా సెల్విన్ మీద ఫిర్యాదు వచ్చింది.

"ఎన్నికకు ముందు ఇది తేల్చాలి," అంది సాయంత్రం మండలి గుమాస్తా బెరిల్. "ఇందులో వేలు పెట్టనివాళ్లే విచారించాలి."

"నేను నేల తుడిచానంతే. అదీ తప్పేనా?" అంది జానిస్.

"తప్పు కాదమ్మా. కానీ వేలు పెట్టినట్టే."

సభ్యుల్లో మిగిలింది నార్మన్ ఒక్కడే. ఎవరు ఫోన్ చేసినా తియ్యడు. ఎన్నిక రోజు కేకు పెడతారని వచ్చాడు.

"చెయ్యి పెట్టొద్దన్నారా లేదా?" అన్నాడు, కేకు నములుతూ.

"అన్నారు. కానీ కారుతోంది కదయ్యా," అన్నాడు సెల్విన్.

"కారనీ. ఎందుకు కారుతోందని అడగడం వరకే మన పని."

మండలి బాధ్యతను ఇంత సూటిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సెల్విన్‌ను మందలించి వదిలేశారు గానీ, అతని పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాస్టరు గారు నార్మన్ పేరు ప్రతిపాదించారు. అలిగాడనుకుంటారని సెల్విన్ కూడా చెయ్యెత్తాడు.

అధ్యక్షుడి కుర్చీలో కూర్చోగానే నార్మన్ చేసిన మొదటి ప్రకటన, వచ్చే సమావేశానికి తాను రాలేనని.