ఎడమ లైటు

సరస్వతి పోయిన రోజు కారు ఇంటి ముందే ఉంది. దాన్ని నడపడం వచ్చిన ఒక్క మనిషి అంబులెన్సులో వెళ్లింది. భర్త కాశీనాథ్ ఆమె పక్కన కూర్చున్నాడు. పదిహేనేళ్లుగా అతనికి అలవాటైన చోటు అదే.

పదకొండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున అతను కారు హెడ్‌లైట్లు తోమడానికి కూర్చున్నాడు. ఎండకు పసుపెక్కి అవి చాయ్ పోసిన గ్లాసుల్లా ఉన్నాయి. "సీకటైతే రోడ్డు కనవడ్తలేదు, జెర వాటిని తోమున్రి" అని ఆమె ఎన్నోసార్లు అడిగింది. వచ్చే ఆదివారం అని అతను అన్నిసార్లూ చెప్పాడు.

పని కష్టమైనదేమీ కాదు. కారు రంగు గీసుకుపోకుండా లైటు చుట్టూ టేపు అంటించాలి. నీళ్లు పోస్తూ ముందు ముతక శాండ్ పేపర్‌తో, తర్వాత సన్నదానితో రుద్దాలి. పాలిష్ పట్టాలి. మళ్లీ పసుపెక్కకుండా పైన పూత స్ప్రే చేయాలి. కుడి లైటుతో మొదలుపెట్టాడు. నాలుగు రుద్దులకే అది పాలలా తెల్లబడింది.

"కంట్ల పువ్వు పడ్డట్టయింది గద సారూ," అంది పక్కింటి సత్తెమ్మ, గోడ మీదుగా. "పాలిష్ పెడితే పోతది," అన్నాడు.

"మీ బిడ్డ నిషిత మొన్న ఫోన్ల చెప్పింది. సంవత్సరీకం అయినంక బండి అమ్ముదమని మీతోని అన్నదంట. అందుకేనా తోముతున్నరు?"

కాశీనాథ్ తలాడించాడు. అతనిది కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం. ఎవరు ఏం అడిగినా తలాడించడమే తెలుసు. ఆ ఇంట్లో కాదు అని చెప్పే పని సరస్వతిది. కూతురు అమ్ముదామన్నప్పుడు కూడా అతను ఫోన్లో ఊ అన్నాడు.

అతను కుడి లైటుకు పాలిష్ పట్టి, పూత కొట్టేలోపు సత్తెమ్మ సంగారెడ్డి గంజ్‌లో పప్పుల కొట్టున్న చంద్రకాంత్ సేటుకు ఫోన్ చేసేసింది. సేటు తన కూతురికి పాత కారు వెతుకుతున్నాడు. పన్నెండు దాకా మంచి గడియ ఉందట. బయలుదేరాడు కూడా.

"ఇంకో లైటు అట్లనే ఉన్నది. గిట్ల రుద్దుకుంట కూసుంటే సేటు వచ్చేదాంక ఐతదా సారూ?" అంటూ సత్తెమ్మ భర్త లింగం ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇదేంది లింగం?"

"మా కంపెనీది. గీనితోనే మెషిన్లు కడుగుతం. రెండు నిమిషాల పని."

లింగం పాశమైలారం ఫ్యాక్టరీల్లో ఒకదానిలో పనిచేస్తాడు. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో పేరు రాయని కంపెనీ డబ్బా ఒకటి ఉంటుంది. జిడ్డుకు, తుప్పుకు, చీమలకు, అల్లుడి స్కూటర్‌కు, అన్నిటికీ అదే మందు. సరస్వతి ఏనాడూ దాన్ని గేటు దాటనివ్వలేదు. కాశీనాథ్ తలాడించాడు.

లింగం గుడ్డ తడిపి ఎడమ లైటు తుడిచాడు. పసుపు పోయింది. "సూసిన్రా?" అన్నాడు. చూస్తుండగానే లోపల సన్నని బీట ఒకటి పాకింది. అది మురికి అనుకుని లింగం ఇంకాస్త పోసి గట్టిగా తుడిచాడు. పది బీటలయ్యాయి. సత్తెమ్మ పరుగున పోయి పళ్లపేస్టు తెచ్చి రాసింది. అది బీటల్లోకి దిగి, లైటు నిండా తెల్లటి సాలెగూడు కట్టినట్టయింది.

"నీకు చెయ్యి ఆగదు గద," అంది సత్తెమ్మ మొగుడితో.

"పేస్టు పెట్టింది నువ్వు."

గేటు బయట సేటు స్కూటర్ ఆగింది. సత్తెమ్మ తీగ మీది తువ్వాల లాగి ఎడమ లైటు మీద ఆరేసింది. "సేటు పోయేదాంక తియ్యకున్రి సారూ."

చంద్రకాంత్ కుడి లైటు చూసి, "కొత్త దాని లెక్కనే ఉన్నది" అన్నాడు. సంచిలోంచి నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టాడు. తలుపు తీసి డ్రైవర్ సీట్లో ఇరుక్కున్నాడు. పొట్ట స్టీరింగుకు తగిలింది.

"ఎవరు నడిపిన్రో గని, సీటు మరీ ముందుకున్నది. జెర ఎన్కకు జరుపుత," అంటూ సీటు కింద చెయ్యి పెట్టి వెతికాడు.

సరస్వతి పొట్టి మనిషి. కాళ్లు అందడానికి ఆ సీటును ముందుకు జరుపుకొనేది. పదకొండు నెలలుగా దాన్ని ఎవరూ కదపలేదు. లోపల తుడవాల్సి వస్తే కాశీనాథ్ బయటే నిలబడి చెయ్యి మాత్రం చాపేవాడు.

"సేటూ, అది ముట్టుకోకున్రి. ముందు దిగి ఇటు రాండి."

చంద్రకాంత్ దిగాడు. కాశీనాథ్ తువ్వాల తనే తీశాడు.

సేటు బీటల మీద వేలు రాసి చూశాడు. "ఒంటికన్ను బండి ఆడివిల్లకు ఎట్లిస్త సారూ?" అన్నాడు. వంగి, టైర్ల కింది నిమ్మకాయలు ఒక్కటీ మరిచిపోకుండా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

లింగం ముఖం వాడిపోయింది. "నా వల్లనే ఖరాబైంది. రేపు పటాన్‌చెరుల కొత్త లైటు దొరుకుతది సారూ. తెచ్చి నేనే బిగిస్త. సేటును మళ్ల పిలుద్దాం."

"వద్దు," అన్నాడు కాశీనాథ్.

అతని నోట ఆ మాట వినడం సత్తెమ్మకు అదే మొదటిసారి. ఆమె మొగుడి చేతిలోంచి డబ్బా తీసుకుని ఇంట్లోకి పోయింది.

సంవత్సరీకం అయిపోయింది. కారు ఇంటి ముందే ఉంది. ఎడమ లైటు ఇంకా మార్చలేదు.