నంబర్ వన్ పాట, నాలుగెకరాల చెరుకు

ఆదివారం పొద్దున నాగేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంఠేశ్వర్‌లో కిలో లడ్డూలు కొనాలి. పదిన్నరకల్లా భార్యతో కలిసి స్కూటర్ మీద బోధన్ పక్కనున్న రాజమల్లు చెరుకు తోటకు చేరాలి. పాట వీడియోకు తోటను ఊరికే వాడుకోనిచ్చినందుకు ఆయనకు దండం పెట్టి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. కృతజ్ఞత చెప్పడానికి ఇంతకంటే ఎక్కువసేపు పట్టదని అతను అనుకున్నాడు.

నాగేందర్‌కు వృత్తి మోటారు వైండింగు, పిచ్చి పాట. రెండూ కలిసిన చోటే ప్రమాదం. పాడుతూ తీగ చుడితే చుట్ల లెక్క తప్పుతుంది. లెక్క తప్పిన మోటారు వారం తిరక్కుండానే కాలిపోయి మళ్లీ దుకాణానికి వస్తుంది. అలా మూడు మోటార్లు తిరిగొచ్చాక అతని భార్య సుమలత తీర్పు చెప్పేసింది.

"ఒక్క పాట తీసి నెట్ల పెట్టు. గంతే. నెల రోజుల్ల పది వేల మంది మనుషులు ఇన్నరా, నీ ఇష్టమొచ్చినట్టు పాడుకో. ఇనలేదా, పాట బంద్. మోటార్లు చుట్టుకుంట కూసో."

నాగేందర్ తలూపాడు కానీ ఆ పూట అన్నం సహించలేదు. పాడకుండా గడిపిన రోజంటూ అతని జీవితంలో అప్పటిదాకా ఒక్కటీ లేదు.

పెళ్లి వీడియోలు తీసే మిత్రుడు మొహసిన్ కెమెరా పట్టాడు. పాట పేరు "చెరుకు గడవోలె సక్కని పిల్లా". అసలు పాటకు ముందు పన్నెండు సెకన్ల పాటు నాగేందర్ "ఓ... హో... య్!" అని గొంతు చించుకుంటాడు, వెంటనే డప్పు అందుకుంటుంది. ఆ ఎత్తుగడే పాటకు ప్రాణమని అతని నమ్మకం. అంత ప్రాణమున్న పాటను ఇరవై రోజుల్లో యూట్యూబులో మూడు వందల పన్నెండు సార్లు చూశారు. అందులో రెండు వందల సార్లు చూసింది నాగేందరే.

ఇరవై ఒకటో రోజున అంకె కదిలింది. తెల్లారేసరికి నాలుగు వందల ముప్పై. వారానికి ఎనిమిది వేలు. నెల నిండే రోజుకు పన్నెండు వేలు, ఆ పై నెలలో లక్ష! "ఇందూరు ధమాకా" అనే స్థానిక ఛానల్ వాళ్ల జిల్లా టాప్ టెన్‌లో పాట మొదటి స్థానంలో కూర్చుని, మూడు వారాలైనా లేవలేదు. కంఠేశ్వర్‌లో టీ తాగడానికి వెళ్తే జనం నాగేందర్‌తో ఫోటోలు దిగసాగారు.

మొహసిన్ ఫోన్‌లో లెక్కలు తీసి నోరు వెళ్లబెట్టాడు. "నాగేందర్ భాయ్, గిది చూడు. ఇనేటోళ్లు అందరూ బోధన్ దిక్కోళ్లే. రాత్రి తొమ్మిదింటి సంది పొద్దుగాల ఐదింటి దాకనే ఇంటుండ్రు. ఒక్కొక్కడు రాత్రికి వందసార్లు!"

"వందసార్లా? మరి నిద్రెప్పుడు పోతుండ్రు?"

"ఇష్క్ భాయ్! మొహబ్బత్‌ల పడ్డోనికి నిద్రెక్కడిది?"

ఈ సిద్ధాంతానికి ఒక్కటే చిక్కు. పాట కింద చాలామంది, "అన్నా, నీ పాట పెట్టినంక మేం హాయిగ పండుకుంటున్నం" అని రాశారు. మొహసిన్ దానికీ జవాబు వెతికాడు. పడుచువాళ్లకు అది విరహగీతం, పెద్దవాళ్లకు జోలపాట అన్నాడు. డప్పు కొట్టే జోలపాట ఎక్కడైనా ఉంటుందా అని సుమలత అడిగింది. గెలిచినవాళ్ల ఇంట్లో అలాంటి ప్రశ్నలను ఎవరూ పట్టించుకోరు.

ఆ ఆదివారం వాళ్లు తోట దగ్గరికి చేరేసరికి అక్కడున్నది రాజమల్లు ఒక్కడే కాదు. ఇరవై మంది రైతులు పూలదండతో నిలబడి ఉన్నారు. నాగేందర్ బండి దిగీ దిగకముందే దండ మెడలో పడింది. ఆ వెనకే శాలువా కప్పారు. తెచ్చిన లడ్డూలు ఎవరికి ఇవ్వాలో తెలియక సుమలత డబ్బా పట్టుకుని నిలబడిపోయింది.

"తమ్మి, ఈ యేడు నువ్వు లేకుంటే మాకు ఒక్క గడ మిగలకపోవు," అన్నాడు రాజమల్లు చేతులు జోడించి.

రైతులు పొగిడే తీరే అంత కాబోలనుకుని నాగేందర్ కరిగిపోయాడు. గట్టెక్కి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. కళ గురించి చెప్పాడు, వినేవాళ్లే తనకు దేవుళ్లన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తి, "అన్నా, ఆ ఓహోయ్‌ను ఇంకింత పొడుగు తియ్యరాదా? కాలువ దాక అందుతలేదు," అని బతిమాలాడు. అభిమానులు కోరితే కాదంటామా అని నాగేందర్ మాటిచ్చేశాడు.

అప్పుడు రాజమల్లు అతన్ని చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లాడు. నాలుగెకరాల నడుమ వెదురు కర్రకు మైకు కట్టి ఉంది. కింద డబ్బాలో పాత ఫోను ఉంది. పక్క తోటలోనూ అలాంటి కర్రే, దాని పక్క దాంట్లోనూ అంతే. నాగేందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా పాట కోసం తోట తోటకు మైకులు కట్టిండ్రా, రాజమల్లన్నా! మరి ఇప్పుడెందుకు బంద్ పెట్టిండ్రు?"

"పగటిపూట పందులు రావు గద తమ్మి."

"ఏం రావు?"

"పందులు. అడివి పందులు." రాజమల్లు ఉత్సాహంగా వివరించాడు. "షూటింగ్ నాడు పొద్దుగూకినంక నువ్వు గీడ నిలబడి ఓహోయ్ అనంగనే నాలుగు పందులు కాలువ దిక్కు ఉరికినయి. గప్పుడే అనుకున్న, గీ గొంతు ఇడిసిపెట్టొద్దని. పాటను ఫోన్ల ఎక్కించుకునుడు మాకు రాదు. నెట్ల పెట్టి ఇడిసిపెడ్తం, తెల్లారేదాక అదే తిరుగుతది. నన్ను చూసి ఇరవై తోటలోళ్లు పెట్టిండ్రు. మొన్నటి దాక పందులు గీ చాయల్కు రాలే. మేం ఇంట్ల హాయిగ పండుకుంటున్నం!"

మొదట సుమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్త ముఖం చూశాక నవ్వు ఆపేసింది. నాగేందర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. అనుకున్న నెల ఎప్పుడో గడిచింది, పది వేల మంది మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. శాలువా తీసి మడతపెట్టి రాజమల్లు చేతిలో పెట్టబోయాడు.

"ఆగు కొడుకా," అంది వెనక నుంచి ఒక ముసలామె. పక్క రెండెకరాల గంగుబాయి. "శాలువ తియ్యకు. వీళ్లంత మైకు పెట్టి ఇండ్లల్ల పండుకుంటరు. నేను తోటలనే కావలి ఉంట. మా ఆయన పోయినంక ఒక్కదాన్నే. పందుల కోసమే పెట్టిన, అబద్ధమెందుకు? మొదలు రెండు రాత్రులు నీ ఓహోయ్‌కు పందుల కంటె ముందు నేనే ఉలికిపడ్డ. తర్వాత తర్వాత పక్కన మనిషి ఉన్నట్టనిపిచ్చింది. రెండో చరణం రాంగనే నేను గూడ నీతోటి అందుకుంట."

అని, సిగ్గుపడుతూనే సన్నగా పాడింది.

"అవ్వ అడిగితే చెప్పు, ఆకలి లేదని చెప్పు... నువు నవ్విన నవ్వే నాకు సద్దని చెప్పు..."

ఒక్క మాట తప్పలేదు. ఆ చరణం తాను ఎంత కష్టపడి కట్టాడో నాగేందర్‌కు ఒక్కడికే తెలుసు. టాప్ టెన్ వాళ్లెవరూ దాని ఊసెత్తలేదు. అతను వంగి గంగుబాయి కాళ్లకు మొక్కాడు.

"అవ్వా, నువ్వు ఇన్నవ్. నాకు గది సాలు. జన్మల మరువ."

సుమలత కళ్లు తుడుచుకుని లడ్డూ డబ్బా విప్పి మొదటిది గంగుబాయి చేతిలో పెట్టింది. భర్త వైపు తిరిగి, "సరే, పది వేలల్ల ఒక మనిషి తేలింది. మిగిలినోళ్ల కోసం ఇంకో పాట పాడు. మోటారు చుట్టేటప్పుడు మాత్రం కాదు," అంది. ఆమె నోట ఆ మాట వచ్చినందుకు నాగేందర్ ఆమెకూ దండం పెట్టబోతే చేతి మీద ఒకటి వేసింది.

రాజమల్లు తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు. "కొత్త పాట సంగతి నేనే అడుగుదామనుకున్న తమ్మి. జర జల్ది కానియ్యి. నాలుగొద్దుల సంది పందులు ఉరుకుతలేవు. మైకు కాడికొచ్చి నిలబడి పాట అయిపోయేదాక ఇంటున్నయి. ఇని, నిమ్మళంగ మేస్తున్నయి."

పందులు పారిపోయాయని విని కుంగిపోయిన నాగేందర్, అవి నిలబడి వింటున్నాయని తెలిశాక, జిల్లా టాప్ టెన్ వాళ్లు పొరపాటేమీ చేయలేదని తేల్చుకున్నాడు.