లలితమ్మ కారెక్కిన కంప్యూటర్

కారుకు హారన్ లేకపోతే కిటికీలోంచి అరవొచ్చు. వైపర్ పనిచేయకపోతే వాన వెలిసేదాకా ఆగొచ్చు. కంప్యూటర్ లేని కారును మాత్రం మనిషన్నవాడు ఎక్కకూడదు! ఇది గద్వాల లలితమ్మ ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంతో తేల్చిన సత్యం.

నవ్వుతున్నారా? ఆ ఇరవై ఎనిమిదేళ్లూ మీరు ఒకే డ్రైవరు పక్కన కూర్చుని ఉంటే, ఆ డ్రైవరు మీ భర్తే అయి ఉంటే, ఆ భర్త పేరు జంగయ్య అయి ఉంటే, అప్పుడు నవ్వండి చూద్దాం!

జంగయ్య చెడ్డవాడు కాదు. పత్తి విత్తనాల ఆర్గనైజరు. రైతులకు విత్తనమిచ్చి సాగు చేయించి, పంటను కంపెనీకి చేరుస్తాడు. తాగడు, పేకాడడు. ఆయనకున్నది ఒకటే అలవాటు, మాట్లాడటం. తాళం తిప్పగానే అంబాసిడరూ జంగయ్యా ఒకేసారి స్టార్టయ్యేవారు. అంబాసిడర్ అప్పుడప్పుడూ ఆగేది.

కూతురు శ్రుతిని నాగర్‌కర్నూల్‌లో ఇచ్చారు. నెలకోసారి వెళ్ళి రావాలి, పోను మూడు గంటలు. ఎర్రవల్లి చౌరస్తా దాకా కంపెనీ మేనేజరును జంగయ్య దారికి తెచ్చిన వైనం. కృష్ణ బ్రిడ్జి దాటేదాకా ఆయన మోకాలి నొప్పి చరిత్ర. పెబ్బేరు నుంచి వనపర్తి దాకా అసలు కథ, ధరూరు ఊళ్ళో నాలుగెకరాల చేను. ఎవరడిగినా ఇవ్వనన్న ముసలామె కాంతమ్మ జంగయ్య మాట నేర్పుకు ఒక్క పూటలో కరిగిపోయి చేను రాసిచ్చిందట!

"గట్ల కాదు. ఆ దినం ఏమైందంటే..." అని లలితమ్మ నోరు తెరిచేది.

"నువ్వాగే. నన్ను జర చెప్పనియ్యి," అనేవాడు జంగయ్య.

ఒకసారి ఆమె టేప్‌రికార్డర్ పెట్టించమంది. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "పాటలెందుకే? నేను లేనా?" అన్నాడు.

అది 2007. లలితమ్మ చెల్లెలి కొడుకు చంద్రశేఖర్‌కు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బిగించే షాపుంది. ఒకనాడు పొద్దున్నే ఆమె అక్కడ ప్రత్యక్షమైంది.

"కారుల కంప్యూటరా! ఎందుకు పెద్దమ్మా?"

"పాటలు ఇనాలె బిడ్డా. మీ పెద్దనాయిన గొంతు మీదికెల్లి ఇనపడాలె."

చంద్రశేఖర్ కాసేపు ఆలోచించాడు. "గంత పెద్ద స్పీకర్లు గద్వాలల దొరకయి. సికింద్రాబాద్ నుంచి తెప్పియ్యాలె," అన్నాడు.

జంగయ్యను ఒప్పించడం ఎంతసేపు? "ఇంకే ఆర్గనైజర్ కారుల లేదంట," అంది లలితమ్మ. ఆయన అప్పటికప్పుడు తాళం చెవి తీసిచ్చాడు.

మూడు వారాలు పట్టింది. మదర్‌బోర్డును చెక్కపెట్టెలో బిగించి డిక్కీలో పెట్టారు. కుదుపులకు హార్డ్‌డిస్కు చెడిపోకుండా పాత పరుపు స్పాంజి కోసి చుట్టూ కుక్కారు. మొదటి రోజు తాళం తిప్పితే స్క్రీన్ ఆరిపోయింది. బ్యాటరీ బలమంతా ఇంజనే లాగేసుకుంటోందని కంప్యూటర్‌కు విడిగా ఇంకో బ్యాటరీ కట్టారు. రెండో రోజు స్క్రీన్ వెలిగింది, హెడ్‌లైట్లు ఆరిపోయాయి! మూడో రోజు అన్నీ వెలిగాయి. డ్యాష్‌బోర్డు మీద అరచేతి కంటే కొంచెం పెద్ద స్క్రీన్, వెనక రెండు స్పీకర్లు, ఎనిమిది వందల పాటలు. డ్రైవింగ్ చేసేవాడు కీబోర్డు నొక్కలేడు కాబట్టి అది లలితమ్మ ఒళ్ళోకి వచ్చింది. పెళ్ళయ్యాక ఆ కారులో ఆమె చేతికి అందిన మొట్టమొదటి అధికారం!

ఆ నెల నాగర్‌కర్నూల్ ప్రయాణం ఎలా జరిగిందో వర్ణించడం కష్టం. గద్వాల దాటగానే జంగయ్య "ఆ మేనేజర్ ఉన్నడు సూడు..." అన్నాడు. లలితమ్మ వేలు కదిలింది, సౌండు పెరిగింది. మేనేజరు ఆరోజు దారికి రాలేదు. బ్రిడ్జి మీద మోకాలు నొప్పి పుట్టలేదు. కృష్ణలో నీళ్ళు ఇంత వెడల్పున పారతాయని లలితమ్మ మొదటిసారి చూసింది. గుంతలు తగిలినప్పుడు పాట ఒక్క క్షణం ఆగేది. ఆ సందులో "కాంతమ్మ..." అని ఒక ముక్క వినబడి మళ్ళీ పాటలో మునిగిపోయేది. రోడ్ల శాఖకు కూడా పాటలంటే ఇష్టం లేదేమో!

అయ్యలారా, అమ్మలారా, ఇంతటి సుఖం ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెండు నెలలు నిలిచింది. ఆ తర్వాత జంగయ్యకు మైకు దొరికింది.

సిస్టంతో పాటు వచ్చిన చిన్న మైకు అది, పనికిరాదని చంద్రశేఖర్ డ్యాష్‌బోర్డు అరలో పడేశాడు. దాంతో మాటలు రికార్డు చేయొచ్చని ఏ నోటితో చెప్పాడో గానీ చెప్పాడు. జంగయ్య వారం పాటు కిటికీ అద్దాలు ఎక్కించుకుని కారులోనే కూర్చున్నాడు. మేనేజరు ఒక ఫైలు, మోకాలు ఒక ఫైలు, నాలుగెకరాలు పెద్ద ఫైలు.

దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు? పూర్వం ఆయన పెబ్బేరులో టీ తాగేటప్పుడైనా ఆగేవాడు. ఇప్పుడు ఆయన టీ తాగుతుంటే ఆయన గొంతు కారులోంచి చెబుతూనే ఉంది. పూర్వం కథ చెప్పేవాడు ఒకడే. ఇప్పుడు స్పీకర్లలో ఒక జంగయ్య, స్టీరింగు దగ్గర ఒక జంగయ్య. "శెభాష్! మంచిగ చెప్పిండు," అని రెండోవాడు మొదటివాణ్ణి మెచ్చుకుంటున్నాడు. చంద్రశేఖర్ నేర్పిన ఉపాయంతో ఆ ఫైళ్ళు తాళం తిప్పగానే వాటంతటవే మొదలవుతున్నాయి, కీబోర్డు జంగయ్య సీటు కిందికి చేరింది. జంగయ్య రైతుల దగ్గర ఉండిపోయి, లలితమ్మ వేరే డ్రైవరుతో అమరచింత పెళ్ళికి వెళ్ళిన రోజు కూడా జంగయ్య దారి పొడవునా ఆమె వెంటే ఉన్నాడు. ఆ డ్రైవరు దిగేటప్పుడు, "సారుకు మోకాలు ఇప్పుడెట్లున్నదమ్మా?" అని అడిగాడు.

ఒక మధ్యాహ్నం జంగయ్య అన్నం తిని పడుకున్నాడు. లలితమ్మ వాకిట్లో నిలిపిన కారెక్కి తలుపు వేసుకుంది. మైకు పట్టుకుంది. నాలుగెకరాల ఫైలు మీదే రికార్డు నొక్కింది. "హలో" అంది. అక్కడే ఆపి, మళ్ళీ నొక్కి, మళ్ళీ "హలో" అంది. అడ్డుపడకుండా వినేవాళ్ళుంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు మరి.

ఆ ఆదివారం కూతురినీ అల్లుడినీ గద్వాలకు తీసుకొస్తున్నారు. అల్లుడికి కొత్తగా వినిపించాలని జంగయ్య పోయేటప్పుడు నాలుగెకరాల ఫైలును మొదలుకానివ్వలేదు. పెబ్బేరు దగ్గర జంగయ్య వెనక్కి తిరిగి, "అల్లుడా, నాలుగెకరాల కత యిను. రికార్డు జేసిన," అన్నాడు గర్వంగా. అల్లుడు మహిపాల్ భయభక్తులతో సర్దుకుని కూర్చున్నాడు.

"హలో," అంది స్పీకరు. ఆడగొంతు.

"కాంతమ్మ చేను ఈయన మాటలకు ఇయ్యలే. ఈయన గొంతు పెంచి మాట్లాడితె ఆమె బయటికి నడువుమని చెయ్యి సూపెట్టింది. తెల్లారి నేను పోయిన, క్షమించమని అడుగుదామని. ఆమె జొరంతోటి పడున్నది. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. నాలుగు దినాలు ఆడనే ఉన్న. జావ తాపిన, ఒళ్ళు తుడిచిన. ఐదో దినం లేసి కూసుని, చేను నీకిస్త బిడ్డా, నీ మొగని మీద కోపం మాత్రం పోలే అన్నది..."

జంగయ్య చెయ్యి స్క్రీన్ వైపు వెళ్ళింది. "ఉండనియ్యి నాయినా," అంది శ్రుతి వెనక నుంచి. చెయ్యి మళ్ళీ స్టీరింగు మీదికి వచ్చింది. కారు బ్రిడ్జి దాటింది, ఎర్రవల్లి దాటింది.

చివరికి జంగయ్య గొంతు సవరించుకున్నాడు. "నాలుగు దినాలా? మరి నేనేడున్న?"

"ఇంట్లనే. నేను మా అమ్మగారింటికి పోయిననుకున్నవ్."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఇరవై ఎనిమిదేండ్ల సంది చెప్తనే ఉన్న. గట్ల కాదు అన్న దాంక చెప్పిన. ఆడికెల్లి ముందుకు నువ్వు ఎన్నడు పోనిచ్చినవ్?"

చూశారా కంప్యూటర్ మహిమ! జానెడు దూరంలో కూర్చున్న భార్య మాట భర్త చెవికి చేరాలంటే ఏమేం కావాలో ఇప్పటికైనా తెలిసింది కదా? ఒక మదర్‌బోర్డు, ఒక హార్డ్‌డిస్కు, సికింద్రాబాద్ స్పీకర్లు, డిక్కీలో ఇంకో బ్యాటరీ, పాత పరుపులోంచి ఇంత స్పాంజి. ఇవన్నీ లేని ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం చేస్తున్నారో తలచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది!

ఇల్లు వచ్చింది. శ్రుతి, మహిపాల్ సంచులు దింపుకుని లోపలికి పోయారు. జంగయ్య దిగలేదు. కాసేపు మెడ రుద్దుకున్నాడు. ఆయన ముఖంలో లలితమ్మ ఎప్పుడూ చూడని బెరుకు కనిపించింది.

"ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు మెల్లగా.

"శానా ఉన్నది."

జంగయ్య తల ఊపాడు. సర్దుకుని కూర్చున్నాడు. చేతులు కట్టుకుని స్క్రీన్ వైపు తిరిగి, ఎంతో శ్రద్ధగా, "ఊఁ, చెప్పు," అన్నాడు.

లలితమ్మ ఆయన పక్కనే ఉంది. చెయ్యి చాపి కంప్యూటర్ ఆపేసింది.

"ఇటు సూడు," అంది.