బాల్కనీ పెట్టెకు దిష్టి

ఆ బుధవారం సల్తనత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు నగర కమిషన్ వాళ్లు వస్తారు, బాల్కనీలోని తెల్ల పెట్టెను గంటసేపు పరీక్షిస్తారు, టీ తాగి వెళ్తారు. గాలిలో దుమ్ము ఎంతుందో కొలిచి అందరి ఫోన్లకూ పంపే ఆ పెట్టెను వీధి ఆడవాళ్లంతా కలిసి పెట్టించుకున్నారు. ఎదురుగా ఉక్కు ఫ్యాక్టరీ. చలికాలం అక్కడ మంచు నల్లగా పడుతుంది. సల్తనత్ కూతురు రెండేళ్లుగా దగ్గుతూనే ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం ఆ పెట్టె ఒట్టి ఆటబొమ్మ అంటారు. కమిషన్ కూడా అదే మాటంటే దాన్ని పీకేయాల్సిందే.

సల్తనత్ వంటింట్లో తలుపేసుకుని టీలోకి బౌర్సాక్‌లు, అంటే పిండి ఉండలు, వేయిస్తోంది. ఇంటికి అంతమంది వస్తున్నారంటే అత్తగారు కుల్యాష్ చేతులు ఊరుకోలేదు. దిష్టికి పొగవేసే అద్రస్పాన్ మూలిక ఎండుకట్టను పెనంలో వేసి ముట్టించి, గదిగదికీ పొగ పట్టింది. చివరికి బాల్కనీలోకి వెళ్లి పెట్టె చుట్టూ మూడుసార్లు తీరిగ్గా తిప్పింది.

"ఒసేయ్ సల్తనత్! ఫోన్లో దుమ్ము తొమ్మిది వందలు చూపిస్తోందే! కిటికీలు మూసుకోవాలా, ఊరే వదిలిపోవాలా?" పై అంతస్తు నుంచి బిబిగుల్ కేక.

బడిలో పిల్లల్ని మైదానం నుంచి లోపలికి తోలేశారు. బస్సు వీధి మొదట్లోనే వెనక్కి తిరిగింది. సల్తనత్ బాల్కనీకి పరుగెత్తింది.

"అత్తయ్యా! ఏం చేశారు?"

"దిష్టి తీశానమ్మాయ్. పరాయివాళ్ల కళ్లు పడతాయి కదా, పాపం చిన్న పెట్టె!"

అప్పుడే తలుపు గంట మోగింది. కమిషన్ అధికారి జౌరె మేడమ్, ఆమె వెనకే ఫోన్ పట్టుకుని రొప్పుతూ ఫ్యాక్టరీ ఇంజనీరు దౌరెన్‌బెక్. సల్తనత్ నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు.

"ఒప్పుకుంటున్నా మేడమ్! మూడో పొగగొట్టం ఫిల్టర్ తీసి పది రోజులైంది. కానీ ఇంత పొగ వస్తుందని అనుకోలేదు, అమ్మతోడు!"

ఫిల్టర్ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ సల్తనత్‌కు అబద్ధం అరగదు. పైగా కుల్యాష్ పొగలు కక్కే పెనంతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇవాళ్టి అంకె వాళ్లది కాదండీ. మా అత్తయ్యది," అంది నీరుగారిపోతూ. ఇక పెట్టె పోయినట్టే.

దౌరెన్‌బెక్‌కు ప్రాణం లేచొచ్చింది. "చూశారా! కంగారులో ఏదో నోరు జారాను. అది రాసుకోకండి!"

జౌరె మేడమ్ కలం ఆపలేదు. "పొగ ఆవిడదే. ఫిల్టర్ మీది కదా బాబూ? ఇక పెట్టె అంటారా, పొగ పెడితే పొగ అంది. ఇంతకు మించి ఏం పరీక్ష పెట్టను?"

సల్తనత్ సంతోషం పట్టలేక మేడమ్‌ను కావలించుకుంది. శుక్రవారానికల్లా ఫిల్టర్ బిగించారు. దౌరెన్‌బెక్ మాత్రం ఆ బుధవారం టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. వీధివాళ్లు ఫిల్టర్ తీసినందుకు వారం రోజులు తిట్టి ఊరుకున్నారు, టీ తాగనందుకు ఇంకా తిడుతూనే ఉన్నారు.