మాటవరస గోదాము

గోపన్నపేట పురపాలక సంఘం పరిధిలో మాటవరసకు అన్న మాటలన్నీ ఏ రోజువి ఆ రోజు సాయంత్రం పారిశుద్ధ్య విభాగం వారి లారీలో కాలవగట్టు మీది గోదాముకు చేరతాయి. తడి చెత్త, పొడి చెత్త, మాటవరస వేటికవి విడిగా తీసుకెళ్ళే ఏర్పాటు చాలాకాలంగా ఉంది, దానిమీద ఎవరికీ ఫిర్యాదు లేదు. "భోంచేసి వెళ్ళండి" అన్న మాట అరిటాకులో వేడి భోజనమై దిగుతుంది. "ఓసారి మా ఇంటికి రండి" అన్నది కుర్చీ అవుతుంది, పిలుపులో కాస్త ఊపుంటే మడతమంచం. "మీవాడి ఉద్యోగం సంగతి నేను చూస్తాగా" అన్నవి సీలు వేసిన నియామకపు ఉత్తర్వులై వస్తాయి. "మీకోసం ప్రాణమిస్తా" అన్నవాటిని మాత్రం ఒక గదిలో విడిగా పెట్టి తాళం వేస్తారు, ఆ ప్రాణాలు కొట్టుకునే చప్పుడుకి పక్కవాళ్ళకు నిద్ర పట్టదని. గోదావరి జిల్లా ఊరు కాబట్టి మర్యాదకు లోటు లేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో రెండో లారీ అద్దెకు తెస్తారు.

ఈ సరుకు మామూలు జనానికి పనికిరాదు. వాళ్ళ కంటికి విస్తరి ఖాళీగానే కనిపిస్తుంది, నోట పెట్టుకుంటే గాలే. మాటను మాటగా తీసుకునేవాళ్ళకే అది అన్నం. అందుకని, పెద్దయ్యాక ఆటిజం ఉందని తేలినవాళ్ళను ఈ గోదాముకు పంపాలని పురపాలక సంఘం తీర్మానించింది. చిన్నపిల్లల సంగతి విద్యాశాఖ చూసుకుంటుందని, పెద్దవాళ్ళను చూసుకునే శాఖ ఏదో ఎవరికీ తెలియదు గనక పారిశుద్ధ్యమే నయమని ఒక సభ్యుడు అన్నాడు. పారేసేదాన్ని ఎవరో ఒకరు తింటే మంచిదే కదా అని మిగిలినవాళ్ళు బల్లలు చరిచారు.

కొప్పిశెట్టి హిమజకు ఆ సంగతి ఇరవయ్యారో ఏట తేలింది. అప్పటిదాకా ఆమెను కొందరు లోకం తెలియని పిల్ల అనేవారు, కొందరు తెలిసే చేస్తోందనేవారు. భోంచేసి వెళ్ళమంటే కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకునేది. మీ ఇల్లే అనుకోండి అంటే అలమర తలుపు తీసేది. అన్నిటికన్నా పెద్ద పేచీ సెలవు తీసుకునే దగ్గర వచ్చేది. వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలని తల్లి నేర్పింది. హిమజ వెళ్ళొస్తాననేది, వెళ్ళేది, వచ్చేది. సందు చివరిదాకా నడిచి మళ్ళీ గుమ్మంలో నిలబడితే ఏం మర్చిపోయావమ్మా అని ఆ ఇంటివాళ్ళు అడిగేవారు. ఏమీ మర్చిపోలేదని చెప్పి, మళ్ళీ వెళ్ళొస్తాననేది. రానురాను ఆ పిల్ల వీధి మలుపు తిరిగిందంటే తలుపులు దగ్గరగా వేసుకోవడం మొదలైంది. ఆ తలుపుల చప్పుడు ఆమెకు బాగా వినిపించేది, ఎందుకో మాత్రం అర్థమయ్యేది కాదు.

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీసే పని ఆమెది. యజమాని ఒకసారి ఊరెళ్తూ, షాపు నీదే అనుకుని చూసుకోమ్మా అన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి బోర్డు మీద హిమజ పేరుంది. కళ్ళు పొడిచే ట్యూబులైట్లు ఊడదీసి ఉన్నాయి, పాటల డబ్బా అటకెక్కింది. నిజానికి బేరాలు ఎప్పటికన్నా బాగానే సాగాయి, కానీ ఆయన దడుచుకున్నాడు. డాక్టరుకు చూపించమని తల్లికి కబురు పెట్టాడు.

డాక్టరు చాలాసేపు మాట్లాడి, ఆటిజం అని రాశాడు. ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు, కొత్తగా వచ్చింది కాదు, కొత్తగా తెలిసిందంతే అన్నాడు. హిమజకు దిగులేమీ వేయలేదు. ఇన్నేళ్ళూ తప్పు నంబరు అద్దాలతో నడిచి, ఆ మాట ఇవాళ ఒకరు చెప్పినట్టు అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తల్లి మంగతాయారు ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వెలా ఉన్నా నాకు బంగారమేనే" అంది.

మంగతాయారు ఆ ఊళ్ళో మర్యాదకు పెట్టింది పేరు. ఏ పేరంటంలో ఏ మాట ఎప్పుడు పడాలో ఆమెకు కొట్టిన పిండి. పెళ్ళికి బయల్దేరే ముందు అద్దం ఎదుట నిలబడి పలకరింపులు వల్లె వేసుకోవడం హిమజ చిన్నప్పటినుంచీ చూసింది, అందరి అమ్మలూ అంతేననుకుంది. పెళ్ళినుంచి వచ్చాక తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కిటికీలు మూసి, రెండో రోజు వరకూ పడుకోవడం కూడా చూసింది. అదీ అంతేననుకుంది.

కానీ ఆ బంగారం మాటను ఎక్కడ పెట్టుకోవాలో హిమజకు తెలియలేదు. ఎదురింటావిడతో మీ కోడలు బంగారమండీ అని, ఇంట్లోకి వచ్చి ఆ కోడలి గురించి ఇంకో రకంగా చెప్పడం ఆమె చెవులారా విన్నదే. మరి ఇది ఏ రకం బంగారం? ఈ లోకంలో ఒక్కరైనా తనతో ఒక్క మాటైనా నిజంగా అన్నారా లేదా అన్నది ఆమెకు తేలాలి. దానికి ఒక్కటే దారి. మాటవరసదైతే గోదాముకు వచ్చి తీరుతుంది.

గోదాము చూసుకునే శానిటరీ ఇన్‌స్పెక్టరు పేరు గుబ్బల సోమరాజు. ఆయన హిమజ సర్టిఫికెట్టు చూసి, ఏం కావాలని అడిగాడు. తల్లి అన్న మాట వచ్చిందేమో చూసుకోవాలంది.

"ఆయ్, బంగారం సరుకంతా ఆ మూలనుందండి" అన్నాడు. "చూసుకోండి. ఈ ఊళ్ళో బంగారం కానివాళ్ళు లేరు కదండి."

మూలన బంగారు కోడళ్ళు, బంగారు అల్లుళ్ళు, ఒక బంగారు మేనేజరు బరువుగా పేర్చి ఉన్నారు. బంగారు హిమజ మాత్రం లేదు. ఇంట్లో అన్న మాటలు ఆలస్యంగా వస్తాయని, అది నిజమో కాదో అన్నవాళ్ళకే తేలడానికి టైము పడుతుందని సోమరాజు చెప్పాడు. అలా అయితే రేపు మళ్ళీ వస్తానంది హిమజ. మర్నాడు వచ్చింది కూడా. అక్కడ ఆ సంగతి ఎవరికీ వింతగా అనిపించలేదు, అందరూ అలాగే వచ్చినవాళ్ళు.

వాళ్ళలో పులిదిండి ప్రకాశం ఉన్నాడు. మేనమామ చూస్తాగా అన్న గుమస్తా ఉద్యోగం గోదాముకు వచ్చిన రోజునుంచి అతను ఆ ఉత్తర్వు జేబులో పెట్టుకుని, దాని కుర్చీలోనే కూర్చుని, కాలవలో వెళ్ళే గుర్రపుడెక్క మొక్కను దుబ్బు దుబ్బుగా లెక్కపెడుతూ డ్యూటీ చేస్తున్నాడు. జహీదా ఉంది. కాలేజీలో స్నేహితురాళ్ళు మనం ఎప్పటికీ టచ్‌లో ఉందామే అని ఏడ్చిన కన్నీళ్ళ బిందె ఆమె వాటాకు వచ్చింది, దాంతో ఆమె మొక్కలకు నీళ్ళు పోస్తుంది. హిమజ మొదటిసారి వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు జహీదా ఆమె మొహం చూడకుండానే, మాట్లాడాలని ఉందా, లేదా అని అడిగింది. లేదంది హిమజ. అయితే కూర్చోమంది. ముగ్గురూ ఎవరి విస్తట్లో వాళ్ళు చూసుకుంటూ తిన్నారు. వేడి ఉప్మాలో జీడిపప్పు తగిలింది. ఇంతమంది మధ్య ఇంత హాయిగా కూర్చోవచ్చని హిమజకు తెలియదు. ఇంటికి వెళ్తుంటే దారంతా నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఒకరి సంగతులు ఒకరికి తెలిశాయి. ప్రకాశానికి రైళ్ళ గురించి అడిగితే సాయంత్రం దాటిపోతుంది, చాలు అంటే మధ్యలోనే ఆపేస్తాడు, ఏమీ అనుకోడు. ఎక్కువ చప్పుడైతే జహీదా బల్ల కిందికి వెళ్ళి కూర్చుంటుంది, ఆమె కాఫీ కూడా అక్కడికే వెళ్తుంది. హిమజ ట్యూబులైట్లు ఊడదీస్తే అందరూ అబ్బ అన్నారు. బయటికి వెళ్ళేటప్పుడు వెళ్తాను అనాలా, వెళ్ళొస్తాను అనాలా అని ఒకరోజు చర్చ వచ్చింది. వస్తే వస్తాను అని, రాకపోతే రాను అని చెప్పాలని తేల్చారు. అపశకునం కదా అని సోమరాజు నసిగాడు గానీ, ఆయనకు ఓటు లేదు.

కూతురు రోజూ ఎక్కడికి వెళ్తోందని ఇరుగుపొరుగు అడగడంతో మంగతాయారు ఒక ఆదివారం గోదామును చూడ్డానికి వచ్చింది. పట్టుచీర, తలలో పూలు, చేతిలో అరటిపళ్ళు. అందరినీ పేరుపేరునా పలకరించింది, ఎంత బాగుందండీ ఇక్కడ అంది. జహీదా పలకరింపు లేకుండా ఆమె ముందు కాఫీ గ్లాసు పెట్టింది. అయ్యో, ఇప్పుడే తాగొచ్చేనమ్మా అంటూనే మంగతాయారు గ్లాసు అందుకుంది. చూడవచ్చిన తల్లిదండ్రులు అలా అందుకోవడం మామూలే. వాళ్ళ కంటికది ఖాళీ గ్లాసు, మర్యాదకు పెదాలకు ఆనించి పెట్టేస్తారు.

మంగతాయారు మాత్రం ఉఫ్ మని ఊదింది.

ఖాళీ గ్లాసును ఎవరూ ఊదరు. బల్ల దగ్గర అందరూ తినడం ఆపారు. ఆమె ఒక గుక్క తాగి, పంచదార సరిపోయిందో లేదో ఆలోచించి, ఇంకో గుక్క తాగి, అప్పుడు తల ఎత్తింది. గ్లాసును చప్పుడు కాకుండా బల్లమీద పెట్టింది. బస్సు టైమైందని లేచింది. గుమ్మం దగ్గర, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాననో, వస్తాలే అనో ఏదో అంది. సరిగ్గా అప్పుడే లారీ వెనక్కి వస్తూ హారన్ మోగించింది.

గోదాములో అందరూ భయపడే అక్షరం ఒక్కటే, లే. చూద్దాంలే, చేద్దాంలే, వస్తాంలే. లారీలో సగం సరుకు దాని పుణ్యమే. ఆ వారమంతా హిమజ అందరినీ అడిగింది. లే ఉందని ప్రకాశం, లేదని జహీదా. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్ళు కాదు, అందుకే ఆమెకు తిండి సహించలేదు.

ఆదివారం సాయంత్రం లారీ వచ్చింది. వెనక తలుపు తీస్తే భోజనాల మధ్యనుంచి మంగతాయారు దిగింది. అదే పట్టుచీర, అవే పూలు, అవే అరటిపళ్ళు. చిక్కిపోయావేమే అంటూ హిమజ బుగ్గలు నిమిరింది. ప్రకాశానికి మంచి భవిష్యత్తుందంది. సోమరాజు మీసం బాగుందంది. ఎక్కడా తడుముకోలేదు, ఎంతసేపైనా ఆ నవ్వు అలిసిపోలేదు. సోమరాజు దించిన సరుకుకు రసీదు రాసుకున్నాడు.

హిమజకు ఏడుపొచ్చింది. అయితే లే ఉందన్నమాట. ఈ మాటే వచ్చిందంటే బంగారం మాట కూడా ఇవాళో రేపో లారీ దిగుతుందన్నమాట. అయినా దిగిన సరుకును పారేయకూడదు కనక ఆమెకు విస్తరి వేసి, అన్నం వడ్డించి, పక్కన కూర్చుంది.

పొద్దుగూకుతుండగా ముందు గేటు కిర్రుమంది. మంగతాయారు వచ్చింది. ఇంట్లో కట్టుకునే నేతచీర, తలకు బిగించి కట్టిన గుడ్డ, చేతిలో ఏమీ లేదు. బల్ల దగ్గర సోమరాజు మీసాన్ని మెచ్చుకుంటున్న తనను చూసింది. ఆశ్చర్యపోలేదు. చాలాదూరం మోసుకొచ్చిన బిందెను దించి చూసినట్టు చూసింది.

"రావాలనిపించలేదే" అంది హిమజతో. "ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు నాకు. అయినా వచ్చేను."

మాట్లాడక్కర్లేదని, కూర్చోమని జహీదా చెప్పింది. మంగతాయారు కాలవ వైపు తిరిగి ఉన్న బెంచీ మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి చాలాసేపటికి భుజాలు దిగాయి, ఒళ్ళు మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగడం మొదలైంది. ఆ ఊగడం హిమజ ఎరుగును, చిన్నప్పుడు తను అలా ఊగితే ఈమె తొడ మీద చెయ్యి వేసి ఆపేది. ఇప్పుడు ఎవరూ ఆపలేదు. హిమజ కాఫీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది.

"నేనెలా ఉన్నా బంగారమన్నావు కదమ్మా. ఆ మాట ఇంకా రాలేదు."

"రాదు" అంది మంగతాయారు, కాఫీ ఊదుకుంటూ.

హిమజకు ఇంకేమీ అడగాలనిపించలేదు. అంత సంతోషం ఆమెకు ఇదివరకు ఎప్పుడూ కలగలేదు, దాన్ని ఏం చేయాలో తెలియక చేతులు విదిలించుకుంటూ కూర్చుంది.

చీకటి పడబోతుంటే, మర్నాడు ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం ఉందని, వెళ్ళి తీరాలని మంగతాయారుకు గుర్తొచ్చింది. మొహం పాలిపోయింది. అది చూసి లారీలో వచ్చినావిడ కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది.

"నేను వెళ్తాగా" అంది. "మీరు కూర్చోండి."

ఇంటి తాళంచెవి తీసుకుని, వెళ్ళొస్తానండీ అని అందరికీ చెప్పి ముందు గేటులోంచి వెళ్ళింది. హిమజ అలవాటు కొద్దీ గేటు వైపు కాసేపు చూసింది. ఆమె తిరిగి రాలేదు. ఒక మంగతాయారు వచ్చింది, ఒక మంగతాయారు పోయింది, సరిపోయిందని సోమరాజు రసీదు కొట్టేశాడు.

ఇంట్లో హిమజ తండ్రి, కూరలో ఉప్పు కాస్త తగ్గిందన్నాడట, అంతకుమించి ఏమీ అనలేదు. పోయిన పండక్కి తన తల్లికి వడ్డించినావిడ ఈవిడో, గోదాములో ఉన్నావిడో అని ఆయన ఆలోచించలేదు. మంగతాయారుకు ఈమధ్య తలనొప్పి రావడం లేదని, మనిషి మరీ కలుపుగోలుగా తయారైందని వీధిలో అనుకుంటున్నారు. పంద్రాగస్టుకు పురపాలక సంఘం ఆమెకు శాలువా కప్పింది. ఆ చప్పట్లు ఆ సాయంత్రం లారీలో గోదాముకు వచ్చాయి. చప్పుడు పడదని జహీదా వాటిమీద గోనెపట్టా కప్పింది. మంగతాయారు బెంచీ మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది, తల తిప్పి చూడలేదు.

ఈమధ్య లారీలో భోజనాలకన్నా మనుషులు ఎక్కువ దిగుతున్నారు. టీచర్లు, బ్యాంకు వాళ్ళు, కొత్త కోడళ్ళు. దిగి, బట్టలు దులుపుకుని, బాగున్నారా అని అందరినీ అడిగి, జవాబు కోసం ఆగకుండా ఊళ్ళోకి ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోతున్నారు. నిన్న కమిషనరుగారు దిగారు. వాళ్ళ వెనక రావలసిన అసలువాళ్ళు ఎవరూ ఇంకా రాలేదు. రాత్రిళ్ళు ముందు గేటుకు తాళం వేయాలా అని సోమరాజు అడిగితే, వద్దంది హిమజ. గేటు పక్కన కొన్ని కుర్చీలు వేయించింది.